మామయ్య గారి కారుకు రెండు కొక్కేలు

సంక్రాంతికి అందరం కలిసినప్పుడు ఏదో ఒక వాదన జరగకపోతే మా ఇంట్లో పండగ పూర్తయినట్టు ఉండదు. ఒక ఏడు పొలం గట్టు, ఇంకో ఏడు ఆడపడుచు కూతురి సంబంధం. ఈసారి కారు. కొత్త కారు కొనే సంగతైతే నేనూ సంతోషంగా కూర్చుని రంగులు చెప్పేదాన్ని. ఇది మామయ్య గారి అంబాసిడర్. నలభై ఏళ్ళు దాటింది. పెరట్లో రేకుల షెడ్డు కింద, టార్పాలిన్ కప్పుకుని పడుకుని ఉంది.

దాన్ని బాగుచేయించాలి అన్న దగ్గర అందరిదీ ఒకటే మాట. ఎట్టా బాగుచేయించాలి అన్న దగ్గరే చీలిక వచ్చింది. మా వాడు ఇంజనీరింగ్ మూడో ఏడు. ఫోన్లో బొమ్మలు చూపించాడు. ఎవరో అంబాసిడర్‌కి మెరుపు లేని నల్ల రంగు వేసి, వెడల్పు చక్రాలు పెట్టి, లోపల విమానంలో ఉండేలాంటి సీట్లు బిగించారు. కొత్త ఇంజను, ఏసీ, కప్పుకి నక్షత్రాల్లా మెరిసే లైట్లు. హైదరాబాదులో ఉండే మా మరిది వాడికి వత్తాసు. మా వారిది పూర్తిగా ఎదురు దారి. కారు ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజున ఎట్టా ఉందో అట్టా ఉండాలి, ఒక్క బోల్టు కూడా అటూ ఇటూ కాకూడదు అంటారు. "ఒరిజినల్" అనే మాట ఆ మూడు రోజుల్లో ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో, అరిసెలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి ఉండాల్సింది.

వాదన వసారాలో జరుగుతోంది. కాఫీలు మేం అందిస్తున్నాం. అత్తయ్యనీ నన్నీ ఆడపడుచునీ ఎవరూ ఒక్క మాట అడగలేదు. కారు మగవాళ్ళ వ్యవహారం అని మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అనాల్సిన అవసరం కూడా రాలేదు ఇన్నాళ్ళూ.

ముందు ఆ కారు గురించి చెప్పాలి. మామయ్య గారికి నరసరావుపేటలో పత్తి కమీషన్ వ్యాపారం. 1983లో కొన్నారు. ఆ రోజుల్లో డబ్బుంటే చాలదు, కారు కోసం పేరు రాయించుకుని ఎదురు చూడాలి. ఆ ఏడాది చివర్లోనే మారుతి 800 వచ్చింది. దాని తర్వాత ఊళ్ళో ఒక్కొక్కరూ ఆ చిన్న కారు కొనుక్కుంటుంటే, "అందులో మనవాళ్ళలో సగం మంది కూడా పట్టరు" అని మామయ్య గారు నవ్వేవారట. నిజమే. మా అంబాసిడర్‌లో ముందు సీటు కూడా ఒకే బల్లలా పొడుగ్గా ఉంటుంది, గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది కాబట్టి మధ్యలో కాళ్ళకి అడ్డు లేదు. ముందు ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్ళో పిల్లలు. ఎంతమంది ఎక్కారో దిగినాక లెక్కపెట్టుకోవడమే.

దీని పుట్టుపూర్వోత్తరాలు మా వాడే చెప్పాడు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఒక కారు ఉండేదట. దాని మూడో రకాన్ని హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు తీసుకుని 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్ పేరుతో తయారుచేయడం మొదలుపెట్టారు. 2014లో ఆపేశారు. ఈ మధ్యలో మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్ అని పేర్లు మారాయి, ముందు జాలీ మారింది, లైట్లు మారాయి, 1990ల్లో ఇసుజు ఇంజను వచ్చింది. మాది మార్క్ ఫోర్. అంటే ఆ "ఒరిజినల్" అనేదే ఒకరి కారుని ఇంకొకరు తెచ్చుకుని, మన రోడ్లకీ మన కుటుంబాలకీ తగ్గట్టు దిద్దుకుంటూ వచ్చినది. ఈ మాట నేనంటే మా వారికి కోపం వచ్చింది. "కంపెనీ మార్చడం వేరు, మనం మార్చడం వేరు" అన్నారు. సరే, ఆ మాటా కొట్టిపారేసేది కాదు.

నాకూ ఆ కారుకీ సంబంధం 2002లో మొదలయింది. మా పుట్టిల్లు మాచర్ల. అప్పగింతలయ్యాక ఆ కారు వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చుని, గురజాల, పిడుగురాళ్ళ మీదుగా ఈ ఇంటికొచ్చాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను కాబట్టి రోడ్డు గుర్తు లేదు. ముందు తలుపుకుండే ఆ చిన్న మూడు మూలల అద్దం తెరిస్తే గాలి సరిగ్గా మొహాన కొట్టి కన్నీళ్ళు ఆరిపోవడం మాత్రం గుర్తుంది. దాన్ని తెరిచింది మామయ్య గారు. వెనక్కి తిరిగి చూడలేదు, ఏమీ అనలేదు, చెయ్యి చాపి ఆ అద్దం తిప్పారు, అంతే. తర్వాత రెండేళ్ళకి మా వాడు పుట్టేటప్పుడు గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళిందీ ఆ కారే.

ఇప్పుడు కొక్కేల సంగతి. వెనక తలుపుల పైన, లోపలి వైపు, కుడికొకటి ఎడమకొకటి రెండు ఇనుప కొక్కేలు ఉంటాయి. మోటుగా ఉంటాయి, కంపెనీవి కావని చూడగానే తెలుస్తుంది. వెనకద్దానికి పరదా వేసే కడ్డీ కూడా అట్టాంటిదే. పండగ మర్నాడు మా వారు నోటుబుక్కు పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ తీసేయాల్సినవి రాసుకుంటున్నారు. "పరదా కడ్డీ. తర్వాత బిగించిన హారను. కొక్కేలు రెండు, వెల్డింగు కోయించి, రుద్దించి, రంగు వేయించాలి." నేను అటువైపు బట్టలారేస్తున్నాను. అత్తయ్య వసారా మెట్టు మీద చిక్కుడుకాయలు వలుస్తున్నారు.

"ఆ కొక్కేలు ఎందుకు కోయిస్తావు?" అన్నారు అత్తయ్య.

"ఒరిజినల్ కాదమ్మా అవి."

"నీ తమ్ముడు పుట్టినప్పుడు పెట్టించాం. చీర ఉయ్యాల కట్టటానికి. మాచర్ల తిరనాళ్ళకు పోవాలంటే చంటోడు ఏడుపు. నేనే అడిగి పెట్టించుకున్నా. మీ నాన్న కార్ల షాపోళ్ళని అడిగితే నవ్వారంట. ఎడ్లబండ్ల కమ్మరి దగ్గర చేయించుకొచ్చారు."

మా మరిది అక్కడే ఉన్నాడు. కప్పుకి నక్షత్రాల లైట్లు పెట్టిద్దామన్నవాడు. ఒక నిమిషం ఏమీ అనలేకపోయాడు. (నడిచే కారులో చంటిపిల్లాణ్ణి చీర ఉయ్యాలలో వేయడం మంచిదని నేననడం లేదు. ఈ రోజుల్లో ఎవరన్నా ఆ పని చేస్తే నేనే నాలుగు తిడతాను. అప్పటికి అది ప్రేమే.)

మా వారు నసిగారు. "అయినా ఇప్పుడు పనేముందమ్మా వాటితో" అన్నారు. అప్పుడు నేను మాట్లాడాల్సి వచ్చింది. 2016లో మామయ్య గారిని గుంటూరు నుంచి ఇంటికి తెచ్చాం. ఇక ఇంట్లోనే ఉంచుకోండి అన్నారు డాక్టర్లు. ఆయనేమో అంబులెన్సు వద్దని, తన కారులోనే పోవాలని పట్టుబట్టారు. మా వారు నడిపారు. వెనక అత్తయ్య ఒళ్ళో తల, నా ఒళ్ళో కాళ్ళు. సెలైన్ సీసా ఎక్కడ కట్టామనుకున్నారు? ఆ ఎడమ కొక్కేనికే. నా జాకెట్టు పిన్నీసు, అత్తయ్య కొంగు చివర చింపిన పీలిక. నరసరావుపేట వచ్చేదాకా ఆ సీసా ఊగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాం ఇద్దరం.

"నువ్వు రోడ్డు చూసి నడుపుతున్నావు, నీకెట్టా తెలుస్తుందిలే" అన్నారు అత్తయ్య కొడుకుతో. మా వారు నోటుబుక్కు మూసేశారు.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి, లేకపోతే ఇది ఉత్త కథ అయిపోతుంది. పాత బండి ఒకటి ఇంట్లో మిగిలితే, దాని అసలు రూపం ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? ఫ్యాక్టరీ గేటు దాటిన రోజా? అప్పుడది మనది కాదు. ఊళ్ళోకొచ్చి, అందులో మనుషులు ఎక్కి దిగి, ఏడ్చి నవ్వి, కొక్కేలు పెట్టించుకుని, పరదాలు కుట్టుకుని, అప్పుడు మనదయింది. కంపెనీ రూపం ఒక్కటే అసలు అనుకుంటే, మధ్యలో ఆ కారులో కూర్చున్న ఆడవాళ్ళందరం లెక్కలోంచి పోతాం. అట్టాగని మా వాడు చెప్పినట్టు చేస్తే అంతకంటే ఘోరం. కంపెనీదీ పోతుంది, మామయ్య గారిదీ పోతుంది, ఫోన్లో చూసిన ఎవరిదో కారు మన షెడ్డులో నిలబడుతుంది.

నేను బీయే తెలుగు చదివాను. ఇంట్లో దానివల్ల పెళ్ళి శుభలేఖలు రాయడం తప్ప ఉపయోగం లేదని అందరి నమ్మకం. కానీ ఈ విషయంలో నాకు కాలేజీలో చెప్పిన పాఠాంతరాలే గుర్తొచ్చాయి. ఒకే కావ్యానికి పది తాళపత్ర ప్రతులుంటే పది రకాలుగా ఉంటుంది. రాసిన లేఖకుడు ఒక మాట మార్చుంటాడు, ఇంకెవరో ఒక పద్యం చేర్చుంటారు. సి.పి. బ్రౌన్ దొర వేమన పద్యాల కోసం ఎన్ని ప్రతులు తెప్పించుకుని పోల్చి చూశాడో చదివాం. మంచి పరిష్కర్త తనకు నచ్చని పాఠాన్ని చింపి పారేయడు. పైన ఒకటి ఉంచి, మిగిలినవి కింద అడుగున రాస్తాడు. రేపు ఇంకొకరు వచ్చి, ఆయన తీసుకున్నది తప్పు, అడుగున ఉన్నదే అసలు పాఠం అని చెప్పొచ్చు. ఆ దారి మూసేయకపోవడమే పరిష్కర్త మర్యాద. కారు సంగతిలోనూ నాకు కావలసింది అంతే. ఏది మార్చినా తిరిగి పెట్టుకునేట్టు మార్చాలి, తీసిన భాగం పారేయకూడదు.

మార్చడమే తప్పు అనేవాళ్ళకి ఒక్క కారు చూపిస్తాను. ఎన్టీ రామారావు గారి చైతన్యరథం. పాత షెవర్లే వ్యాను. దాన్ని పైన నిలబడి మాట్లాడేట్టు, లోపల పడుకునేట్టు మార్పించుకున్నారు. 1982లో ఊరూరా తిరిగారు, 1983 జనవరి ఎన్నికల్లో గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. మా నాన్న భుజాన కూర్చుని ఎవరెవరు చూశారో మాచర్లలో ఇప్పటికీ పోటీలు పడి చెప్పుకుంటారు. ఇప్పుడు ఎవరన్నా ఆ వ్యానును "అసలు రూపానికి" తెస్తామని పైనున్న వేదిక పీకేస్తే ఊరుకుంటామా? దాని అసలు రూపం అమెరికా వాళ్ళు చేసినది కాదు, మనవాళ్ళు మార్చినదే. రెండో చివర చూడాలంటే హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్ళండి. నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. కొత్తదానిలాగే ఉంది. ఎందుకుండదు, ఉత్సవాలకు తప్ప తిప్పలేదు. చాలా అందమైన కారు. అందులో ఎవరూ చంటిపిల్లను నిద్రపుచ్చి ఉండరు.

ఇక అసలు నన్ను భయపెట్టిన సంగతి. కిందటి కార్తీకమాసంలో అత్తయ్య కోటప్పకొండకు ఆ కారులోనే పోదామన్నారు. మా వారు ఆయిల్ మార్పించి, గాలి కొట్టించి తీశారు. ఎక్కడం బాగానే ఎక్కింది. దర్శనమయింది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు రెండో మలుపు దాటాక మా వారి మొహం మారింది. బ్రేకు తొక్కుతుంటే మెత్తగా కిందికి పోతోందట. నాకు చెప్పలేదు, అత్తయ్యకసలే చెప్పలేదు. మొదటి గేరులోకి మార్చి, హ్యాండ్ బ్రేకు పట్టి పట్టి వదులుతూ, నడకంత నెమ్మదిగా దించారు. కింద చెట్టు కింద ఆపినాక చొక్కా పిండితే నీళ్ళు కారేటట్టుంది. అత్తయ్య "ఏంది నాయనా, ఇంత నిదానంగా తెచ్చావు, బాగా చూశాం కోతుల్ని" అన్నారు.

మెకానిక్ తర్వాత వివరంగా చెప్పాడు. మా కారుకు నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. దిగుడులో తొక్కుతూ పోతే డ్రమ్ము వేడెక్కి లైనర్లు పట్టు తప్పుతాయి. దానికి తోడు బ్రేకు నూనె ఏళ్ళ తరబడి మార్చకపోతే గాలిలో తేమ పీల్చుకుంటుంది, వేడికి ఆ తేమ ఆవిరై పెడలు మెత్తబడుతుంది. కాలి బలానికి సాయం చేసే బూస్టరు లేదు. తర్వాత వచ్చిన అంబాసిడర్లకు కంపెనీయే ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, బూస్టరు పెట్టింది. ఆ భాగాలే తెచ్చి దీనికి బిగించొచ్చు, దేన్నీ కోయక్కర్లేదు, మళ్ళీ కావాలంటే పాతవి పెట్టుకోవచ్చు అన్నాడు. ఇది విన్నాక కూడా మా వారు "డ్రమ్ములు బాగుచేస్తే చాలదా" అన్నారు. నూనె ఏటా మార్చి, లైనర్లు సరిగా ఉంచుకుంటే ఊళ్ళో తిరగడానికి చాలునట. కానీ మేం ఆ కారులో పోయేది ఎక్కడికి? కొండకే కదా. ఈ ఒక్క విషయంలో నేను ఓటు అడగలేదు, వేయలేదు, తీర్పే చెప్పాను. డిస్కులు పెట్టిస్తేనే నేనూ అత్తయ్యా ఎక్కుతాం.

సీటు బెల్టులూ అంతే. మా కారుకు లేవు, అది తయారైననాటికి పెట్టాలన్న నిబంధన లేదు. లేవు కాబట్టి తప్పులేదు అనడం నాకు మింగుడు పడదు. చైతన్యరథాన్ని అన్ని వేల కిలోమీటర్లు నడిపిన హరికృష్ణ గారు 2018 ఆగస్టులో నల్గొండ దగ్గర కారు ప్రమాదంలో పోయారు. బెల్టు పెట్టుకోలేదని ఆ రోజు అన్ని పత్రికలూ రాశాయి. అంత చెయ్యి తిరిగిన మనిషికే అట్టా జరిగితే మనమెంత? అయితే బెల్టు బిగించడమంటే ఉత్త రేకుకు రెండు బోల్టులు వేయడం కాదట. గట్టిగా లాగితే రేకుతో సహా ఊడొస్తుంది. వెనక దన్నుగా ఇనుప ప్లేటు వేసి బిగించాలి. ఎవరన్నా చేయించుకుంటుంటే ఈ మాట అడిగి మరీ చేయించుకోండి.

వైరింగు మొత్తం కొత్తది వేయించాలన్న దగ్గర ఎవరూ అడ్డు చెప్పలేదు. నలభై ఏళ్ళ తీగలు, పైపొర పొడిపొడిగా రాలుతోంది. పెట్రోలు గొట్టాలు కూడా. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. పాత కార్ల రబ్బరు గొట్టాలూ, పంపులోని పల్చటి రబ్బరు పొరా, కార్బురేటర్ వాషర్లూ దానికి తట్టుకునేట్టు చేసినవి కావు. ఉబ్బుతాయి, పగులుతాయి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది కాబట్టి కారు నెలల తరబడి షెడ్డులో నిలబెడితే ట్యాంకు లోపల తుప్పు. చూడండి, ఒక్క బోల్టు కూడా మార్చనని ఒట్టు పెట్టుకున్నా, పోసే పెట్రోలే మారిపోయింది. కదలకుండా ఉన్నదల్లా అసలుగా ఉండదు, వంటింట్లో పచ్చడి జాడీ చూసినవాళ్ళెవరికైనా తెలుసు.

మా వాడి కోరికల జాబితాకొస్తాను. ఇంజను మార్పు. వాడు బాధపడ్డా సరే, వద్దనే అన్నాను. కొత్త ఇంజను బలం వేరు, బరువు వేరు. దానికి తగ్గట్టు గేరు పెట్టె మార్చాలి, ముందు సస్పెన్షన్ మార్చాలి, బ్రేకులు ఇంకా పెంచాలి. ఒకటి లాగితే పది వస్తాయి, చివరికి పైరేకు తప్ప మామయ్య గారిది ఏమీ మిగలదు. పైగా చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసున్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన వివరాలు దాటి మార్చిన వాహనాలు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రంగు మార్చినా ఆర్‌సీలో రాయించుకోవాలి. ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి తీసుకెళ్ళినప్పుడు, కాగితంలో ఒకటీ బండిలో ఒకటీ ఉంటే ఎవరు జవాబు చెబుతారు? ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు ఊరుకుంటారా? ఫోన్లో బొమ్మ పెట్టినవాళ్ళు ఈ సంగతులు రాయరు.

ఏసీ దగ్గర మాత్రం నా మనసు ఊగింది. మాది రెంటచింతల ఎండలు కాసే సీమ. వేసవిలో రాష్ట్రం మొత్తంలో ఎక్కడ ఎక్కువ ఎండ అంటే టీవీలో ముందు వినపడే పేర్లలో మా రెంటచింతల ఉంటుంది. అత్తయ్యకు డెబ్భై ఏడు. డాష్‌బోర్డు కింద వేలాడే ఏసీ పెట్టొచ్చట. కానీ ఆ చిన్న ఇంజను మీద భారం పడుతుంది, నీళ్ళు మరిగే సమస్య మొదలవుతుంది, కరెంటు చాలక దాన్ని తయారుచేసే భాగమూ మార్చాలి. నేను లెక్కలు వేసుకుంటుంటే అత్తయ్య తేల్చేశారు. "అమ్మాయ్, ఎండాకాలంలో నేను అందులో ఎక్కడికీ రాను. ఎండాకాలం ఆస్పత్రికైతే మీ కొత్త కారుంది కదా. దీంట్లో కొండకు పోతా, తెల్లారుజామున పోతా. కిటికీ తీసుకుని కూర్చుంటా." అంతటితో ఏసీ కథ ముగిసింది. మొదటే ఆవిడను అడిగుంటే మూడు రోజుల వాదన మిగిలేది.

మా వారి కలకూ ఒక చట్టం ఉంది. 2021లో వింటేజ్ వాహనాలకు కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉన్నవాటికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. మా కారుకు 2033లో యాభై నిండుతాయి. ఆ ప్లేటు తగిలించుకోవాలని ఆయన ఆశ. వినడానికి బాగానే ఉంది. కింద చదివితే, ఆ నంబరుతో మామూలు అవసరాలకు రోడ్డెక్కకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలు పోయించుకోవడానికీ, మరమ్మతుకీ మాత్రమే. కోటప్పకొండకు పోకూడదన్నమాట. ఆ ప్లేటు కోసం ఏడేళ్ళు కారును గాజు పెట్టెలో పెట్టినట్టు పెట్టి, ఆ తర్వాత అత్తయ్యను ఎక్కించుకోకుండా ఉంటే, ఆ గౌరవం ఎవరికి? చాసిస్, బాడీ, ఇంజను ముట్టుకోవద్దన్న దగ్గర నేను ఆయన పక్షమే. ప్లేటు కోసం కాదు. ఆ మూడింటిలోనే మామయ్య గారి చెయ్యి ఉందని.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి కదా. మా మరిది లెక్క ప్రకారం వాళ్ళ ముచ్చటకు ఆరు లక్షలు. మా వారి ఒరిజినల్ ముచ్చట కూడా తక్కువేం కాదు, కంపెనీ మూతపడ్డాక కొత్త భాగాలు దొరక్క, కోల్‌కతా నుంచీ ఢిల్లీ నుంచీ తెప్పించాలంటే పాత జాలీ ఒక్కదానికే చుక్కలు చూపిస్తారు. నేను చెప్పిన పనులు, అంటే బ్రేకులు, బెల్టులు, వైరింగు, గొట్టాలు, టైర్లు, తుప్పు పట్టిన కింది రేకులు కలిపి రెండు లక్షల లోపే తేలింది. మా వాడి రెండు సెమిస్టర్ల ఫీజు అది. ఆ మాట వాడితో అనలేదు, వాడే లెక్కేసుకున్నట్టున్నాడు, వెడల్పు చక్రాల మాట ఎత్తడం మానేశాడు. వాడి ముచ్చట కూడా పూర్తిగా కొట్టేయకూడదని లైట్లు వాడికి వదిలేశాను. పాత గాజు బుడ్డి అట్టాగే ఉంచి లోపల బల్బు మార్చుకోవచ్చట, రాత్రిపూట రోడ్డు బాగా కనపడుతుందట. ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొట్టకుండా చూసుకో అన్నాను.

"ఇట్టా మారిస్తే ఇది నాన్న కారేనా?" అని మా వారు ఒక రాత్రి అడిగారు. నాకు సమాధానం తట్టలేదు. పక్కగదిలో నిద్రపోలేదేమో, అత్తయ్య గొంతు వినపడింది. "చిన్నప్పుడు నిన్ను ఎత్తుకుని కోటప్పకొండ తిరనాళ్ళలో ప్రభలు చూపించినప్పుడు ఎడ్లు లాగేవి. ఇప్పుడు ట్రాక్టర్లు లాగుతున్నాయి, జనరేటర్లు పెట్టి లైట్లు వేస్తున్నారు. అవి ప్రభలు కావా? పడుకో."

కారు ఇప్పుడు ఊళ్ళోనే మెకానిక్ షెడ్డులో ఉంది. నేను వారానికి రెండుసార్లు వెళ్ళొస్తున్నాను. మొదటి రోజు మెకానిక్ నాకు కుర్చీ వేసి "సారు రాలేదా అమ్మా" అన్నాడు. ఇప్పుడు నాకే ఫోన్ చేస్తున్నాడు. ఊడదీసిన ప్రతి భాగాన్నీ కిరోసిన్‌తో కడిగించి, నూనె పూసిన గుడ్డలో చుట్టి, అట్టముక్క మీద రాసి కట్టి ఇంటికి తెస్తున్నాను. "ముందు కుడి డ్రమ్ము. తీసిన తేదీ ఫలానా. ఎందుకు తీశామంటే దిగుడులో పట్టలేదు." అటక మీద ఆవకాయ జాడీల పక్కన రెండు చెక్కపెట్టెలు నిండాయి. రేపు మా వాడి పిల్లలెవరికైనా, అమ్మమ్మో నాయనమ్మో చేసింది తప్పు, పాతదే పెట్టుకుంటాం అనిపిస్తే, పెట్టె దించుకుని పెట్టుకోవచ్చు.

కొక్కేలు అట్టాగే ఉన్నాయి. తుప్పు రుద్దించి నల్ల రంగు మాత్రం వేయించాం. పరదా కడ్డీ కూడా ఉంది, పరదా నేను కుట్టాలి.

ఇక సీట్లే మిగిలాయి. మామయ్య గారు వేయించిన రెక్సిన్ ముదురు ఎరుపు, పండిన చింతకాయ లోపలి పీచు రంగులో ఉంటుంది. చాలా చోట్ల చిరిగింది. నరసరావుపేటలో, గుంటూరులో ఆరు దుకాణాలు తిరిగాను, అందరూ మెరిసే ఎరుపే చూపిస్తున్నారు. అత్తయ్య ఆ ముక్కలు చూసి "ఇది కాదు" అని పక్కన పెట్టేస్తున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో పాత సీట్లు కుట్టేవాళ్ళు మీకెవరన్నా తెలిస్తే చెప్పండి. పాత ముక్క ఒకటి బ్యాగులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.